తొమ్మిది వందల పన్నెండో చిత్రం

సాక్షి వెలిగింపు 4,016

ఇది ప్రతిబింబ విభాగపు దినచర్య పుస్తకం. ఇందులో జరిగిన సంగతులు మాత్రమే రాయాలనీ, అభిప్రాయాలకు వేరే పుస్తకం ఇస్తామనీ ఏడో నిబంధన చెబుతుంది. ఆ రెండో పుస్తకం పదకొండేళ్ళుగా సరఫరా కాలేదు. కనుక ఎక్కడైనా అభిప్రాయం వంటిది కనిపిస్తే దానిని సరఫరా లోపంగా భావించగలరు.

ఉదయం పది గంటలకు కేంద్రం యథావిధిగా ఆగింది. సెకనుకు మూడు చొప్పున పేలే ఇంధనపు ఉండలు పేలడం మానాయి. మూడో రేవు నగరంలో పదకొండు లక్షల మంది నెత్తిమీద ఫ్యాన్లు నెమ్మదించాయి, ట్రాములు ఉన్నచోటనే నిలిచాయి. ఈ పన్నెండు నిమిషాల విరామాన్ని జనం ‘ఊపిరి’ అంటారు. ఊపిరిలో ఇచ్చిన మాట నిలవదని ఇక్కడి నమ్మకం. అందువల్ల పెళ్ళిచూపులకు వచ్చినవారూ, బేరాలాడేవారూ ఆ పన్నెండు నిమిషాలు నోరు మూసుకుని ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు.

ఊపిరి మొదట్లో ఒకే ఒక ఉండను వెలిగించి, దానికి చిత్రం తీస్తాము. అదే సాక్షి వెలిగింపు. ఉండ ఆవగింజంత ఉంటుంది. దానిని లేజర్ కిరణాలు అన్ని వైపుల నుంచీ ఒకేసారి నొక్కితే, నడుమ తలవెంట్రుక మందమంత చోట సూర్యుడి కడుపులోని వేడి పుట్టి, పుట్టీ పుట్టకముందే పోతుంది. దానిని నేరుగా చూడటం ఏ కంటికీ, ఏ కటకానికీ సాధ్యం కాదు. ఒక టంగ్‌స్టన్ దిమ్మలోని రంధ్రం గుండా వచ్చిన కిరణాలు దక్షిణపు గొట్టంలో ఉంచిన పలక మీద పడతాయి. పడేది బొమ్మ కాదు, అంచు చెదిరిన నీడ. ఏ పక్క ఎంత చెదిరిందో లెక్కించి, వెలిగిన చుక్క ఏ ఆకారంలో ఉందో యంత్రం చెబుతుంది. గోడ మీది నీడ అంచును బట్టి మనిషి ముక్కు వంకర చెప్పడం వంటి విద్య ఇది. దీనిని నేను విశ్వవిద్యాలయంలో ఆరేళ్ళు చదివాను. ప్రస్తుతం రబ్బరు ముద్ర వేస్తున్నాను.

చుక్క గుండ్రంగా ఉంటే ధ్రువపత్రం ఇస్తాము. ధ్రువపత్రం ఉంటే కేంద్రం మరునాటి ఊపిరి వరకు నడుస్తుంది. చిత్రాన్ని ట్రాము స్టాపుల్లో పెడతారు. జనం దానిని చూసి దండం పెట్టుకుని ఆఫీసులకు వెళ్తారు.

నేటి చిత్రం గుండ్రంగా ఉంది. 99.3 శాతం. ధ్రువీకరించాను. సంతకం: అవసరాల పరాంకుశం, ధ్రువీకరణ అధికారి, రెండో శ్రేణి.

మాధ్యమ పునఃస్థాపన సహాయకురాలు, అనగా పలకలు మార్చే మనిషి, కోరాడ పైడితల్లి నోటిమాటగా ఒక ఫిర్యాదు చేశారు.

“బాబూ, కిటికీ ఈలేస్తన్నాది.”

“ఏ కిటికీ?”

“ఎన్ని కిటికీలున్నాయేటి మనకి? గొట్టంలోది. గాలి ఒదుల్తుంటే సన్నగా ఈల. నాలుగు రోజుల్నించీని.”

గొట్టం ఒక చివర పైడితల్లి తెరిచే తలుపు. రెండో చివర కిటికీ, అంటే గోరంత మందం ఉన్న లోహపు రేకు. దానికి ఆవల ఉండలు పేలే గది. అక్కడా, మామూలప్పుడు గొట్టంలోనూ గాలి కూడా లేదు, ఉత్త శూన్యం. పైడితల్లి గొట్టంలోకి నెమ్మదిగా గాలి వదిలి, తలుపు తెరిచి, కుడిచేయి భుజందాకా లోపలికి పెట్టి, పాత పలక తీసి కొత్తది పెడతారు. ఆ సమయంలో కిటికీ పగిలితే, బయటి గాలి గదిలోకి దూసుకుపోతూ దొరికినదాన్ని తీసుకుపోతుంది. అప్పుడు దొరికేది ఆమె చేయి.

నేను నిబంధన వివరించాను. చిత్రాలు గుండ్రంగా ఉన్నంతకాలం కిటికీని నాలుగు వందల రోజులకు ఒకసారి మార్చాలి. లేకపోతే అరవై రోజులకే మార్చాలి. ఇప్పటి కిటికీ వయసు రెండు వందల ముప్పై ఒక్క రోజులు.

“చిత్రం గుండ్రంగా ఉంది పైడితల్లమ్మా. గుండ్రంగా నలిగిన ఉండ ఒక పక్కకు చిందదు. చిందకపోతే కిటికీకి దెబ్బ తగలదు. దెబ్బ తగలకపోతే ఈల వెయ్యదు.”

“అయితే నాను ఈలేస్తన్నానేటి?”

ఆ అవకాశాన్ని నమోదు చేయలేదు.

సాక్షి వెలిగింపు 4,017

చిత్రం గుండ్రం. 99.2.

పైడితల్లి ఫిర్యాదును లిఖితపూర్వకంగా పైకి పంపాను. గంటలో జవాబు వచ్చింది. ‘కిటికీ ఈల, శబ్దము వగైరా సహాయకురాలి వ్యక్తిగత ఇంద్రియానుభవములు. ప్రతిబింబముతో సరిపోవుట లేదు గనుక పరిగణింపబడవు.’

మొదట్లో ఇక్కడ మూడు గొట్టాలు ఉండేవి. ఒక పక్క నుంచి చూస్తే గుండ్రంగా కనిపించే వస్తువు మరో పక్క నుంచి చూస్తే కోలగా ఉండవచ్చు కనుక మూడు దిక్కుల నుంచి చూసేవాళ్ళం. మూడు చిత్రాలూ ఎప్పుడూ ఒక్కలాగే వస్తున్నాయని, రెండు అనవసరమని తేల్చి, ఆరేళ్ళ కిందట వాటిని మూసివేశారు. వాటిలో ఒకదాని గదిలో ఇప్పుడు ఆఫీసు సైకిళ్ళు పెడుతున్నారు.

ఊపిరిలో నా బల్ల దగ్గర కూర్చోబుద్ధి కాలేదు. గొట్టం దగ్గరికి వెళ్ళాను.

“సెవి ఇనపదానికి ఆనించండి,” అంది పైడితల్లి. “అలాక్కాదు. బొట్టెట్టుకున్నట్టు తగిలీ తగలకుండా కాదు, గట్టిగా.”

ఆనించాను. ఆమె గాలి వదిలే కవాటం తిప్పింది. శబ్దం వంటిది ఒకటి వినిపించింది.

“ఇనబడ్డాదా?”

“శబ్దం వంటిది వినిపించింది.”

“ఒంటిదీ జంటదీ కాదు బాబూ, శబ్దమే. లడ్డు సుట్టినప్పుడు ఒక యేలు లూజైతే పిండి ఆ సందులోంచే కదా ఎల్తాది. మీ ఉండ ఇటేపు లూజుగున్నాది. నా ఏపు.”

సాక్షి వెలిగింపు 4,018

చిత్రం గుండ్రం. 99.3.

మధ్యాహ్నం పైడితల్లి చద్దన్నం తింటూ నా గదిలోకి వచ్చింది. అన్నంతో పాటు ఎండు నెత్తళ్ళ పొట్లం ఉంది. పలకల నీడను చదివే యంత్రం మూత తెరిచి ఉంది.

“దీనికి కళ్ళున్నాయేటి, సూద్దాం,” అని ఆమె ఒక నెత్తలిని ఆ గాజు మీద పడుకోబెట్టి మూత వేసింది.

నేను వారించవలసింది. వారించలేదు. యంత్రం మామూలుగానే మూడు నిమిషాలు ఆలోచించింది. చిత్రం వచ్చింది. గుండ్రం. 98.9 శాతం.

పైడితల్లి నవ్వలేదు. చేపను తీసి, తోక పట్టుకుని నా ముఖం ముందు ఆడించింది. “గుండ్రంగున్నాదా బాబూ?”

నా అరచేయి పెట్టాను. 97.4. యంత్రంలో ఏమీ పెట్టకుండా మూత వేశాను. 99.9. కేంద్రం చరిత్రలో ఇంత గుండ్రని చిత్రం లేదు. ప్రయోగం అనే మీట నొక్కడం మరచిపోయినందున ఆ చిత్రం నేరుగా ట్రాము స్టాపులకు వెళ్ళింది. సాయంత్రపు పత్రిక ‘దశాబ్దపు మేటి సూర్యుడు’ అనే శీర్షికతో దానిని మొదటి పేజీలో వేసింది.

ఆమె చేయి కడుక్కుని వెళ్తూ, “కనుక్కుంటారా?” అంది.

కనుక్కుంటానని చెప్పాను. అప్పుడు ఊపిరి సమయం కాదు.

సాక్షి వెలిగింపు 4,019

చిత్రం గుండ్రం. 99.3. ధ్రువీకరించాను, కానీ ముద్ర తలకిందులుగా పడింది.

యంత్రానికి ఇచ్చిన ఉత్తర్వులన్నీ బయటికి తీయించి చదివాను. ఎనిమిదిన్నరేళ్ళ కిందటి ఒక ఉత్తర్వు కింది విధంగా ఉంది.

‘ఒక్కొక్క నీడను మొదటినుంచి లెక్కించుటకు నలుబది నిమిషములు పట్టుచున్నందున, ఊపిరి కాలము నిష్కారణముగా పొడిగింపబడుచున్నది. ఇకమీదట 912వ చిత్రమును పూర్వ దృష్టాంతముగా స్వీకరించవలెను. నేటి నీడ ఆ చిత్రముతో ఏకీభవించినంతవరకు దానిని సమాచారముగాను, ఏకీభవించనంతవరకు పలక లోపముగాను పరిగణించి సరిదిద్దవలెను.’

912వ చిత్రం బాగా వచ్చిన చిత్రం. నాకు గుర్తుంది. ఆ తరువాత వచ్చిన మూడు వేల పైచిలుకు చిత్రాలూ అదే చిత్రం. ఎనిమిదిన్నరేళ్ళుగా మూడో రేవు నగరం ఒకే ఒక్క ఉదయాన్ని చూసి దండం పెడుతోంది.

ఉత్తర్వు ముసాయిదా రాసినవారి పేరు కింద ఉంది. ఊపిరిని యాభై రెండు నిమిషాల నుంచి పన్నెండుకు తగ్గించినందుకు ఆ అధికారికి అప్పట్లో శాలువా కప్పారు. ఆ శాలువా మా ఇంట్లో ఉంది.

నేటి పలకను దృష్టాంతం లేకుండా మొదటినుంచి లెక్కించమన్నాను. నలభై నిమిషాలు పట్టింది. కూర్చోలేక వరండాలో నడిచాను. తిరిగి వచ్చేసరికి తెరమీద వేరుశనగ కాయ ఉంది. నడుమ నొక్కుకుపోయి, రెండు బొడిపెలతో, చక్కని గింజ పట్టిన కాయ. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంది. పాత పలకలు తొమ్మిది తీసి లెక్కించాను. తొమ్మిదీ కాయలే. ఒక్కొక్కటీ ముందుదానికంటే కాస్త సాగింది. దక్షిణపు లేజర్లలో కొన్ని నీరసించి ఉండాలి. నలగని ఇంధనం ఆ సందులోంచి చిందుతోంది. ఆ సందుకు ఎదురుగా కిటికీ, కిటికీ వెనుక గొట్టం, గొట్టంలో రోజుకొకసారి ఒక కుడిచేయి.

చిత్రాలన్నీ తీసుకుని సంచాలకురాలు డాక్టర్ భూపతిరాజు సుభద్ర గారి గదికి వెళ్ళాను. ఆవిడ తొలి చిత్రం చూడగానే కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. నా ఆరేళ్ళ చదువును ఆవిడ ఎనిమిదేళ్ళు చదివారు. వివరించవలసిన అవసరం రాలేదు.

“ఎవరికైనా చూపించారా?”

“లేదండి.”

“కిటికీ మార్చాలంటే గది తెరవాలి. తెరవాలంటే తొమ్మిది రోజులు చల్లారాలి. మన ఊళ్ళో నీళ్ళు కూడా కరెంటేనండీ, సముద్రాన్ని మంచినీళ్ళు చేసేది మనమే. ట్యాంకుల్లో నాలుగు రోజుల నీళ్ళున్నాయి. మిగతా ఐదు రోజులు పదకొండు లక్షల మంది ఏం తాగుతారు చెప్పండి?”

చిత్రాలను ఒకదానిమీద ఒకటి పేర్చాను.

“పన్నెండు రోజులివ్వండి. ట్యాంకులు నింపుకుని, మనమే ఆపుదాం. మీ ఉత్తర్వు సంగతి కూడా అప్పుడే చూద్దాం.”

“ఈ పన్నెండు రోజులూ పలక తియ్యకుండా ఉంటే సరిపోతుంది కదండీ? ఎలాగూ వచ్చేది పాత చిత్రమే.”

“పలక తియ్యకుండా ధ్రువపత్రం ఇస్తే అది అబద్ధం అవుతుంది పరాంకుశం గారూ.”

ఆవిడ పరిహాసమాడటం లేదు. గొట్టం తలుపు ఒకసారి తెరుచుకుని మూసుకుంటే తప్ప కేంద్రం మళ్ళీ వెలగకుండా తాళం కూడా కట్టి ఉంది.

“అయితే అప్పటిదాకా చెయ్యి ఎవరు పెడతారండీ?”

“ఇప్పుడెవరు పెడుతున్నారు?”

“పైడితల్లి.”

“ఆవిడే,” అన్నారు. కొంచెం ఆగి, “నాకు నచ్చి చెప్పట్లేదు,” అన్నారు.

బయట పైడితల్లి ఎదురైంది. “కనుక్కున్నారా బాబూ?”

“పరిశీలనలో ఉంది,” అన్నాను.

సాక్షి వెలిగింపు 4,020

చిత్రం గుండ్రం. 99.3.

పలక బయటికి వచ్చేవరకు గొట్టం పక్కనే నిలుచున్నాను. అందుకు కారణం అడిగితే, తనిఖీ అన్నాను.

సంచాలకురాలి ఆదేశం మీద గుండ్రదనపు పునర్నిర్వచన ఉపసంఘం ఏర్పాటైంది. సభ్యుడిగా నా పేరు చేర్చారు.

సాక్షి వెలిగింపు 4,022

చిత్రం గుండ్రం. 99.2.

ఈల శ్రుతి మారిందని పైడితల్లి చెప్పింది. ముందు ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో నోటితో వేసి చూపించింది. రెండోది లావుగా ఉంది.

ఆమె తన తుండుగుడ్డతో మోచేతిని పక్కనున్న ఇనుప కమ్మీకి కట్టుకుని చేయి లోపల పెడుతోంది. దీనిపై నివేదిక కోరారు. ‘సహాయకురాలి వస్త్రధారణలో స్వల్ప మార్పు’ అని పంపాను.

“మానెయ్యవచ్చు కదా పైడితల్లమ్మా? ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టండి.”

“పెడితే నా బదులు సీతయ్యమ్మని పెడతారు. దానికి ఎడం సెవి ఇనబడదు. కుడి సెవి ఇన్నట్టు నటిస్తాది.” ముడి పళ్ళతో బిగించింది. “నానైతే ఇంటాను. తేడాగుంటే సెయ్యెట్టను. అదేటి ఇంటాది, పాపం? పరిశీలన ఎక్కడిదాకా ఒచ్చింది?”

“జరుగుతోంది.”

“మీరేటి, ఇలా నిలబడనేరు, అలా కూకోనేరు. కడుపునొప్పేటి?”

కాదన్నాను. ఈ సమాధానం మాత్రం సత్యం.

సాక్షి వెలిగింపు 4,024

చిత్రం గుండ్రం. 99.3.

ట్యాంకుల మట్టం చూడటానికి వెళ్ళాను. అయిదు రోజులుగా నింపుతున్నారు. ఉన్న నాలుగు రోజుల నీళ్ళు మూడున్నర రోజులకు తగ్గాయి. ఆరా తీస్తే, రానున్న నగర దినోత్సవానికి ఎనభై ఫౌంటెన్లను పరీక్షిస్తున్నారని తెలిసింది. వాటిలో నడిమి ఫౌంటెన్ నీళ్ళు గుండ్రంగా పడేలా కట్టారట.

సంచాలకురాలికి చెప్పాను. ఆవిడకు ముందే తెలుసు.

“ఉత్సవం అయ్యాక మళ్ళీ మొదటినుంచి పన్నెండు రోజులండీ,” అన్నారు, నన్ను చూడకుండా. “నేను పురపాలక సంఘానికి మూడుసార్లు రాశాను. నీళ్ళు ఎందుకు దాస్తున్నారో కారణం రాయమంటున్నారు. ఏం రాయను? మీరైతే ఏం రాస్తారు?”

ఆ గది నుంచి ఏమీ చెప్పలేక బయటికి రావడం నాకు అలవాటవుతోంది. ఇది అభిప్రాయం.

సాక్షి వెలిగింపు 4,026

చిత్రం గుండ్రం. 99.3. అదే పలక అసలు లెక్క: కాయ నడుమ దాదాపు తెగింది. ఇప్పుడవి రెండు గింజలు.

ఉపసంఘం నివేదిక సిద్ధమైంది. వెలిగిన ఆకారం రెండు భాగాలుగా ఉండి, ఒక్కొక్కటీ విడివిడిగా గుండ్రంగా ఉన్నట్లయితే, మొత్తాన్ని ‘ద్విగుణ గుండ్రం’గా పరిగణించవచ్చునని సిఫారసు చేశారు. నేను సంతకం చేయలేదు. సమావేశానికి హాజరైనట్టు మాత్రం చేశాను.

పైడితల్లి చేయి ఇవాళ బయటికి రావడానికి మామూలుకంటే ఆరు సెకన్లు ఎక్కువ పట్టింది. పలక గాడిలో ఇరుక్కుందట. ఆ ఆరు సెకన్లలో నేను ఏమి చేశానో అడిగితే చెప్పగలను. ఏమీ చేయలేదు.

సాక్షి వెలిగింపు 4,027

పది గంటలకు ఊపిరి. సాక్షి వెలిగింది. పది గంటల రెండు నిమిషాలకు పైడితల్లి చెవి ఆనించి గాలి వదలడం మొదలుపెట్టింది. సగం గాలి లోపలికి పోయాక కవాటం మూసేసింది.

“ఏమైంది?”

“టిక్కుమన్నాది.”

“ఈల?”

“ఈల లేదు. ఆగిపోనాది. రేకు ఉబ్బి చట్టానికి అతుక్కున్నాది. ఇంకొంచెం ఒదిలితే ఊడొస్తాది.” ఆమె తుండుగుడ్డ ముడి విప్పి భుజాన వేసుకుంది. “నాను సెయ్యెట్టను బాబూ.”

సగం గాలికి తలుపు తెరుచుకోదు. పది గంటల అయిదు నిమిషాలకు సంచాలకురాలు ఫోన్ చేశారు.

“ఏం ఆలస్యమండీ?”

చెప్పాను.

“సీతయ్యమ్మ ఉందా?”

“ఉంది.”

ఫోన్ మాట బయటికి పెద్దగా వినిపిస్తుంది. పైడితల్లి గొట్టానికి అడ్డంగా నిలబడింది. చేతులు కట్టుకుంది. “రమ్మనండి. దాని సెయ్యి కూడా సెయ్యే.”

పది గంటల ఏడు నిమిషాలు. వరండా అవతల నగరం నిశ్శబ్దంగా ఉంది. మేడల మీద మనుషులు నిలబడి మా కేంద్రం వైపు చూస్తున్నారు.

“పరాంకుశం గారూ,” అన్నారు సంచాలకురాలు. గొంతులో అధికారం లేదు. అలసట ఉంది. “తాళం నేను పై నుంచి తెరిపిస్తాను, ఇవాళ్టికి మాత్రమే. పలక లేకపోయినా 912 మీద ధ్రువీకరించండి. రేపటి సంగతి రేపు చూద్దాం.”

అబద్ధం అవుతుందని నేను అనలేదు. రేపు పది గంటలకు మళ్ళీ ఎవరిదో ఒక చేయి కావాలి. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

నా బల్ల దగ్గరికి వెళ్ళాను. ధ్రువపత్రంలో ‘ఆకారము’ అనే చోట ఇంతవరకు ముద్రే వేశాను. రబ్బరు ముద్రలు రెండు ఉన్నాయి: ‘గుండ్రము’, ‘మిక్కిలి గుండ్రము’. మూడోది చేయించలేదు. కలం తీసి, కింది విధంగా చేత్తో రాశాను.

‘ఆకారము: వేరుశనగ కాయ. నిన్నటి నుంచి రెండు గింజలు. దృష్టాంతము రద్దు. కిటికీ మార్చేవరకు గొట్టము తెరవరాదు.’

పత్రాన్ని యంత్రానికి ఇచ్చాను. దానికి ఆ మాట తెలియదు. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే పత్రం ఇచ్చాను. పది గంటల పన్నెండు నిమిషాలకు ఊపిరి ముగియవలసి ఉండగా ముగియలేదు.

ఫోన్ మోగింది. ఎత్తాను.

“నీళ్ళు మూడున్నర రోజులకే ఉన్నాయండీ,” అన్నారు ఆవిడ.

“తెలుసండి.”

“తెలిసే రాశారా?”

“తెలిసే రాశానండి.”

ఆవిడ తిట్టలేదు. రెండో రేవు నుంచి నీళ్ళ ఓడలు అడుగుతానని చెప్పి పెట్టేశారు. పురపాలక సంఘం అడిగిన కారణం ఆవిడకు దొరికింది.

వెలిగింపు లేదు, మూడో రోజు

నీళ్ళకు వీధి చివర వరుసలో నిలుచున్నాను. మనిషికి ఒక బిందె. నా ముందున్నావిడ వెనక్కి తిరిగింది.

“ఎవడో మహానుభావుడు పల్లీకాయ అని రాసేసి పోయాట్టండీ. తిక్క కుదరాలి వాడికి.”

“అవునండి,” అన్నాను.

“మీరేం చేస్తుంటారు?”

ముద్రలు వేస్తుంటానని చెప్పాను. ఆవిడ తన బిందె నిండాక, నాది బరువని కాసేపు పట్టుకుంది. సంతోషించవలసిన విషయమే. సంతోషించలేకపోయాను.

వెలిగింపు లేదు, అయిదో రోజు

ట్యాంకులు ఖాళీ అయ్యాయి. ఓడలు రెండు వచ్చాయి, మూడోది దారిలో ఉంది. ఆసుపత్రులకు ముందుగా ఇస్తున్నారు. దక్షిణపు పేటల్లో ఇవాళ మనిషికి అర బిందె. ఎవరూ చనిపోలేదు. ఈ వాక్యాన్ని రోజూ సాయంత్రం సంచాలకురాలికి ఫోన్ చేసి, ఆవిడ నోట విన్న తరువాతనే రాస్తున్నాను.

వెలిగింపు లేదు, తొమ్మిదో రోజు

గది చల్లారింది. లోపల నిండా గాలి నింపాక, అవతలి నుంచి కిటికీ చట్టం విప్పారు. సంచాలకురాలు, పైడితల్లి, నేను ఉన్నాము. రేకును బల్లమీద పెట్టగానే నడిమి భాగం తనంతట తాను పెచ్చుగా ఊడి పడింది. మందం కొలిచే సాధనాన్ని అంచున పెడితే ఉల్లిపొరంత చూపించింది. నడుమ పెడితే ఏమీ చూపించలేదు, ఎందుకంటే అక్కడ ఏమీ లేదు.

సంచాలకురాలు ఆ చిల్లులోంచి తన వేలు పెట్టి చూశారు. వేలు సులువుగా పోయింది. తరువాత ఆవిడ పైడితల్లి చేతి వైపు చూశారు. పైడితల్లి ఆ చేతిని కొంగు కింద పెట్టుకుంది.

సాక్షి వెలిగింపు 4,028

ఊపిరికి ముందు విచారణాధికారి పంపిన పత్రం వచ్చింది. ఇరవై రెండు ప్రశ్నలు. పద్నాలుగోది: ‘ప్రతిబింబములు యథార్థములు కావని తమకు తెలిసిన తేదీ’. దానిని నింపుతుండగా పైడితల్లి నా బల్ల ముందు నిలబడింది.

“నన్ను కూడా పిలుస్తారంట. ఏటి సెప్పమంటారు?”

“జరిగింది చెప్పండి.”

“నాకు తెలిసిందల్లా ఈల. మరి మీకెప్పుడు తెలిసింది బాబూ? ఆ టిక్కుమన్న రోజేనా?”

కాదని చెప్పకుండా ఉండటానికి అవకాశం ఉంది. విచారణాధికారికి పలకలు చదవడం రాదు. సంచాలకురాలు చెప్పరు. పత్రంలో 4,027 అని రాస్తే ఎవరూ కాదనలేరు.

“4,019,” అన్నాను. “నెత్తలి పెట్టిన మర్నాడు. మీరు వరండాలో అడిగారే, ఆ పూటే.”

ఆమె కుడిచేయి పైకెత్తి, బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది. తొందరపడలేదు. ఇరవై నుంచి ఇరవై ఆరు వరకు.

“ఏడు సార్లు,” అంది.

“ఏడు సార్లు.”

“పక్కనే నిలబడి.”

“పక్కనే నిలబడి.”

ఆమె ఏమైనా అంటుందని ఎదురు చూశాను. నీళ్ళ కథ చెప్పవచ్చు. పదకొండు లక్షల మంది సంగతి చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. అయినా పద్నాలుగో ప్రశ్నకు ఎదురుగా 4,019 అని రాసి, పత్రం ఆమె వైపు తిప్పాను. ఆమె అంకెను చదివి, తిరిగి ఇచ్చేసింది.

పది గంటలయింది. ఫ్యాన్ నెమ్మదించింది. సాక్షి వెలిగింది. కొత్త ఉత్తర్వు ప్రకారం ఊపిరి ఇకమీదట యాభై రెండు నిమిషాలు. జనం అప్పుడే పిటిషన్లు రాస్తున్నారు. గొట్టం దగ్గరికి వెళ్ళేసరికి పైడితల్లి తలుపు ముందు నిలబడలేదు. కవాటం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. నన్ను చూసి, భుజం మీది తుండుగుడ్డ తీసి నా మీదికి విసిరింది.

“ఇకమీదట సెవి నాది,” అంది. “సెయ్యి మీది.”

సహాయకుల పనిని అధికారులు చేయరాదని ఏ నిబంధనలోనూ లేదు. వెదికాను. చొక్కా చేయి మడిచాను. ముడి వేసుకోవడం చేతకాక రెండుసార్లు జారిపోతే, ఆమె లేచి వచ్చి, మోచేతి పైన కట్టి, రెండో కొస కమ్మీకి బిగించింది. అవసరమైన దానికంటే గట్టిగా బిగించింది. మళ్ళీ వెళ్ళి ఇనుముకు చెవి ఆనించింది. కవాటం తిప్పింది.

గాలి లోపలికి పోతున్న చప్పుడు. ఇంకేమైనా ఉందో లేదో నాకు తెలియదు. ఆమె ముఖం చూశాను. అందులో ఏమీ లేదు. కళ్ళు మూసుకుని వింటోంది. చాలాసేపు వింది. అంతసేపు వినవలసిన అవసరం ఉందో లేదో అడగలేదు.

“మ్,” అంది చివరికి.

తలుపు తెరిచి, చేయి లోపలికి పెట్టాను.